ఎదురు బండివాని పలకరింపు

గత సంవత్సరము మార్గశిర మాసములో, మాసూళ్లు ముమ్మరముగా సాగుచున్న దినములలో, మన సంఘ సభ్యులొకరి ట్రాక్టరు 40 బస్తాల ధాన్యముతో రాత్రివేళ కాలువగట్టు మీదుగా వచ్చుచు, తెగిన తూమువద్ద గోతిలోనికి ఒరిగిన సంగతి చదువరులలో చాలమంది ఎరిగినదే. తోలువాడు దూకి ప్రాణము దక్కించుకొనెను. వెనుక తగిలించిన తొట్టి మాత్రము తలక్రిందులైనది. 13 బస్తాలు కాలువనీట నానిపోయినవి. వానిని ఎండబెట్టి మరపట్టించినను నూకయే గాని బియ్యము రాలేదు.

మరునాటి ఉదయము మేమక్కడికి పోయి విచారించితిమి. తోలువాడు ఇరువది రెండేండ్ల కుఱ్ఱవాడు. మోచేయి కట్టుకట్టించుకొని గట్టుమీద కూర్చుండి యుండెను. "ఆయ్, ఎదురొచ్చిన ట్రాక్టరాయన లైటు రెండుసార్లు ఆర్పి వెలిగించాడండి. చెయ్యి కూడా ఊపాడు. రోజూ పలకరించుకుంటాం కదా అని నేనూ చెయ్యెత్తి వచ్చేశానండి" అని అతడు చెప్పెను. ఆ ఎదురు వచ్చిన రెండవ తోలువాని కొఱకు కబురంపితిమి. అతడు వచ్చి తల పట్టుకొని, "ముందు తూము తెగింది, ఆగరా అని చెప్పడానికే కదండీ నేను చెయ్యూపింది. వీడు నవ్వి, చెయ్యెత్తి, దాటిపోయాడు. ఇంజను చప్పుడులో కేకేసినా వినపడలేదండి" అనెను.

ఇరువురును నిజమే చెప్పిరి. ఒకడు హెచ్చరిక పంపెను, రెండవవాడు దానిని పలకరింపుగా అందుకొనెను. ఈ చిన్న పొరపాటునకు పదుమూడు బస్తాలు వెల చెల్లినది. నాటినుండి మాకు ఈ పలకరింపుల విషయమై ఆలోచన కలిగి, పుస్తకములు తిరుగవేసి, రోడ్లపై చూచినదానిని జ్ఞప్తికి తెచ్చుకొని, ఈ వ్యాసము వ్రాయుచున్నాము. ప్రతిమాసమును ఎరువులను గూర్చియు దోమపోటును గూర్చియు వ్రాయు మేము, ఈ మారు చేయి ఊపుటను గూర్చి వ్రాయుట కొందఱు సభ్యులకు వింతగా తోచవచ్చును. మన సంఘ గ్రామములలో ట్రాక్టరు లేని వీధి యిప్పుడు లేదు గనుక ఈ సంగతియు సేద్యమునకు సంబంధించినదే యని మా అభిప్రాయము.

ఒకే జాతి బండిని తోలువారు, ముఖపరిచయము లేకున్నను, దారిలో ఎదురుపడినప్పుడు ఒకరినొకరు పలకరించుకొనుట అనేక దేశములలో కనబడు ఆచారము. ఇది ఏ చట్టమునందును వ్రాయబడి యుండదు. ఎవ్వరును నేర్పరు. క్రొత్తగా బండి కొన్నవాడు మొదటి దినమున ఎవరో తనను చూచి చేయి ఎత్తగా ఆశ్చర్యపడును, రెండవ దినమున తానును ఎత్తును.

ఇందులో మిక్కిలి పేరొందినది అమెరికాదేశపు జీపువారి ఆచారము. జీపు పుట్టుక సభ్యులకు తెలిసియుండుట మంచిది. 1940లో అమెరికా సైన్యమువారు తేలికైనదియు, నాలుగు చక్రములకును ఇంజను బలమందునదియు అయిన చిన్నబండి కావలెనని కోరగా, పెన్సిల్వేనియా రాష్ట్రమునందలి బాంటం అను చిన్న కంపెనీవారు మొదటి నమూనాను చేసియిచ్చిరి. అంత పెద్దసంఖ్యలో తయారుచేయు శక్తి వారికి లేకపోవుటచే విల్లీస్, ఫోర్డు కంపెనీలు ఆ పనిని చేపట్టి, 1945లో యుద్ధము ముగియునాటికి 6 లక్షలకు మించి జీపులను తయారుచేసినవి. యుద్ధము ముగియుచుండగనే విల్లీసువారు ఆ బండినే రైతులకు అమ్మజూచిరి. నాగలి లాగును, సరకు మోయును, కప్పీపట్టాతో యంత్రములు త్రిప్పును, ఆదివారమున ఇంటిల్లిపాదిని ఊరికి తీసికొనిపోవును, అని నాలుగు పనులు చెప్పి ప్రకటించిరి. దున్నుటకు అది ట్రాక్టరుకు సాటిరాలేదు. చిన్న బరువు బండి, లోతు దుక్కికి చాలదు. తక్కిన పనులకు మాత్రము అక్కడి కమతములలో బాగుగనే వాడుకొనిరి.

మన దేశములో మహీంద్రా కంపెనీవారు 1947లో బొంబాయియందు విల్లీసు జీపులను కూర్చుట ప్రారంభించిరి. పిమ్మట ఆ కంపెనీయే 1963లో ట్రాక్టర్ల వ్యాపారమున దిగి, ఇప్పుడు సంఖ్యనుబట్టి ప్రపంచములో అన్నిటికంటె హెచ్చుగా ట్రాక్టర్లు చేయు కంపెనీ యైనది. 1952 అక్టోబరు 2వ తేదీన సమాజ వికాస పథకము ప్రారంభమైన పిమ్మట బ్లాకు ఆఫీసులకు జీపులు వచ్చినవి. మన పల్లెలవారికి జీపనగా బ్లాకు జీపే. అది ఊరిపొలిమేర చేరెనన్న బాకీ వసూలునకు వచ్చిరని తలచి కొందఱు పెరటిదారిన చేలలోనికి పోయెడివారని మన పెద్దలు నవ్వుచు చెప్పుదురు. జీపును చూచి చేయి ఎత్తు ఆచారము ఇక్కడ వేరూనకపోవుటకు ఇదియు నొక కారణమేమో!

అమెరికాలో నట్లు గాదు. అక్కడ జీపుతోలువాడు ఎదుట మఱియొక జీపును చూచినంతనే, చక్రము మీదనుండి చేయి తీయక, నాలుగు వ్రేళ్లు మాత్రము పైకెత్తును. ఎదుటివాడును అట్లే చేయును. దీని పుట్టుకను గూర్చి పలువురు పలు కథలు చెప్పుదురు. యుద్ధములో ఒకరినొకరు గుర్తించుకొనుటకై సైనికులు మొదలుపెట్టిరనునది అందులో నొకటి. కథ వినుటకు బాగున్నది గాని, దానికి ఆధారము చూపినవారు లేరు. ఆచారమున ఒక మర్యాదక్రమము గూడ ఏర్పడియున్నది. క్రొత్త జీపువాడు పాత జీపువానికి ముందుగా చేయి ఎత్తవలెను. పాతబండిని బాగుచేసికొనుచు నడుపువాడు పెద్ద. దుకాణమునుండి నిన్న తెచ్చినవాడు చిన్న. బండిమీద బురద యున్నచో మఱింత గౌరవము. జీపు కంపెనీయే చేసినను, పట్టణపు కార్లవలె కప్పులేసి మెత్తని పీటలతో నుండు ఇతర బండ్లను అసలు జీపువారు లెక్కలోనికి రానీయరు. వారు చేయి ఎత్తినను వీరు చూడనట్లు పోవుదురట. మనవారిలోని పంక్తి భేదములవంటివే ఇవియు.

ఇటీవల దీనికి తోడు మఱియొక వేడుక పుట్టినది. 2020లో కెనడాదేశమునందలి ఒంటారియో రాష్ట్రమున ఒక వనిత, నిలిపియున్న యొక జీపుమీద చిన్న రబ్బరు బాతుబొమ్మనుంచి, బండి బాగున్నదని చీటీ వ్రాసిపెట్టెను. ఆ ఛాయాచిత్రము లోకమంతట ప్రాకి, ఇప్పుడు జీపులవారు తాము మెచ్చిన జీపుపై బాతును వదలిపోవుట ఆచారమైనది. బండి అద్దము వెనుక ఇరువది ముప్పది బాతులను వరుసగా పేర్చుకొని తిరుగువారు కలరు. ఇందువలన నెవరికి నష్టము లేదు గాని ఉపయోగమును మాకు కనబడలేదు.

మోటారు సైకిళ్లవారి పలకరింపులో మాకు మఱింత ఆసక్తి కలదు. మేము చదివిన మిషను పాఠశాలలో లెక్కల ఉపాధ్యాయులకు పాత బుల్లెట్టు బండి యుండెడిది. ఎదుట మఱియొక బుల్లెట్టు వచ్చినచో ఆయన తల ఒక్కమారు క్రిందికి వంచి ఎత్తెడివారు. వెనుక కూర్చున్న మేమొకనాడు, "మాస్టారూ, చెయ్యెత్తకుండా తలెందుకు ఊపుతారండీ?" అని యడిగితిమి. ఆయన బండి ఆపి, మమ్ము దింపి, "నువ్వే చెప్పు. కుడిచేతిలో ఏముంది?" అనిరి. ఇంజను వేగము పెంచి తగ్గించు పిడి కుడిచేతిలో నున్నది. మన దేశములో ఎడమ ప్రక్కగా పోవుదుము గనుక ఎదుటివాడు మన కుడిప్రక్కగా దాటును. అతనికి కనబడు చేయి కుడిచేయి. ఆ చేతిని వదలిన బండి వేగము తగ్గును. కావున మిగిలినది తలయొక్కటే! ఎడమచేయి ఎత్తుటకు మన పెద్దలు ఒప్పరు, అది వేఱు సంగతి.

తరువాత తెలిసికొనగా, బ్రిటనులో గూడ మోటారు సైకిళ్లవారు తలయే ఊపుదురట, ఏలయన వారును ఎడమప్రక్కనే పోవుదురు. అమెరికాలోనో బండ్లు కుడిప్రక్కన పోవును. ఎదుటివాడు ఎడమవైపున దాటును. ఎడమచేతికి పట్టుదల పని లేదు గనుక, వారు ఎడమచేతిని క్రిందికి చాపి రెండు వ్రేళ్లు నేలవైపునకు చూపుదురు. రెండు చక్రములును నేలమీదనే యుండుగాక యని దాని భావమని కొందఱందురు. ఫ్రాంసుదేశములో నింకొక విచిత్రము కలదు. తనకు దారియిచ్చిన కారును ఎడమవైపునుండి దాటు మోటారు సైకిలువాడు, కుడికాలిని ప్రక్కకు చాపి కృతజ్ఞత తెలుపును. కారు అతని కుడిప్రక్కన నుండును, కుడిచేయి పిడిమీద నుండును. ఇక కాలే గతి! మన దేశములో ఎవరిపైపునకైన కాలు చాపినచో తగవు వచ్చును. ఒక దేశములో మర్యాద మఱియొక దేశములో అమర్యాద యగుటకు ఇంతకంటె దృష్టాంతము అక్కరలేదు.

ఫ్రాంసు పేరు వచ్చినది గనుక రైతులు తెలిసికొనదగిన యొక బండిని గూర్చి చెప్పెదము. సిట్రోయెన్ కంపెనీవారి చిన్నకారొకటి 1948లో పారిసు ప్రదర్శనమున వెలువడినది. దానిని యుద్ధమునకు పూర్వమే తలపెట్టిన కంపెనీ పెద్ద, తన పనివారికిచ్చిన ఉత్తరువేమనగా: ఇద్దఱు రైతులు, 50 కిలోల బంగాళాదుంపలు అందులో పట్టవలెను. కోడిగ్రుడ్ల గంప నుంచి దున్నిన చేనిమీదుగా నడిపినను ఒక్క గ్రుడ్డైనను పగులరాదు. ఆ బండి 1990 వఱకు తయారైనది. రమారమి 38 లక్షలు అమ్ముడుపోయినవి. దాని యజమానులు నేటికిని ఎదురుపడినప్పుడు దీపము వెలిగించియో చేయి ఊపియో పలకరించుకొందురు. మొదట అది బీదరైతు బండి. దానిని చూచి నవ్వినవారు చాలమంది కలరు. నవ్వబడు బండ్ల యజమానులలో స్నేహము హెచ్చుగ నుండుట మేము మనదేశములోను గమనించితిమి.

జర్మనీవారి వోక్సువాగను చిన్నకారునకు అమెరికాలో ఇదే జరిగినది. పెద్దపెద్ద కార్లున్న దేశములో ఆ గుండ్రని చిన్నబండి తొలుత అరుదు. ఒకదానిని చూచి మఱియొకటి దీపము వెలిగించి పలకరించెడిది. తరువాత అవి వీధివీధిని నిండినవి. 2003లో తయారీ నిలుచునాటికి లోకమంతట 2 కోట్ల 15 లక్షలు చేసిరి. ప్రతి మూలమలుపునందును ఎదురగువానికి ఎవరు చేయి ఎత్తగలరు? పలకరింపు తగ్గిపోయి, బండ్లు మరల అరుదైన పిమ్మట తిరిగి వచ్చినది. పదిమందిలో ఒకని వద్ద మాత్రమే యున్నప్పుడు పలకరింపు నిలుచును, పదిమంది వద్దను ఉన్నప్పుడు చచ్చును. మా చిన్నతనమున ఊరికి రెండు ట్రాక్టర్లున్నప్పుడు తోలువారు బండ్లాపి, ఇంజను ఆర్పక, అరగంట ముచ్చటించెడివారు. డీజిలు యజమానిది గదా! ఇప్పుడు ఒక వ్రేలు ఎత్తిన గొప్ప.

అరుదుతనము ఒక్కటియే కారణమని మేమనుకొనము. దారిలో బండి నిలిచిపోయినచో ఆ జాతి బండి తోలువాడే సాయము చేయగలడు. వానివద్దనే తగిన పానా యుండును, వానికే ఆ ఇంజను రోగము తెలియును. చేయి ఎత్తుటయనగా, నీ బండి నిలిచినచో నేను ఆగుదునని ముందుగా చెప్పుట. ఆస్ట్రేలియా ఎడారి బాటలలోను, అమెరికా మధ్యప్రాంతపు పల్లెదారులలోను, బండి జాతితో పనిలేకయే ఎదురైన ప్రతివానికిని చక్రముమీదనుండి చూపుడువ్రేలు ఎత్తుదురు. అక్కడ మైళ్లకొలది మనిషి కనబడడు. ఆ వ్రేలెత్తినవాడే రేపు నీళ్లిచ్చువాడు కావచ్చును. మన పూర్వపు ఎడ్లబండ్లవారు "ఏ ఊరు బండి?" యని యడుగుటలోను ఇట్టి భావమే యుండెను. ఇరుసు విరిగినచో ఏ యూరికి కబురు పంపవలెనో తెలియవలెను గదా.

ఇప్పుడు అసలు సంగతికి వత్తుము. పలకరింపు హెచ్చరికగా మారిన కథ యొకటి బ్రిటనులో జరిగినది. అది మన తూముకథకు సరిగా తలక్రిందులైనది.

1903లో అక్కడ చేసిన చట్టమునుబట్టి మోటారుకారు గంటకు 20 మైళ్లకు మించి పోరాదు. పోలీసువారు పొదలచాటున దాగి, కాలము లెక్కించి, మించినవారికి జుల్మానా వేయించుచుండిరి. దీనిని తప్పించుకొనుటకై కారు యజమానులు 1905లో ఆటోమొబైల్ అసోసియేషను అను సంఘమును స్థాపించుకొనిరి. మనవలెనే చందాలు కట్టి నడుపుకొన్న సంఘము. సంఘపు కావలివారు సైకిళ్లపై రోడ్లవెంట తిరుగుచు, ముందు పోలీసులు పొంచియున్నారని సభ్యులకు చెప్పుచుండిరి. సభ్యుల కార్లకు సంఘ ముద్ర బిళ్ల తగిలించి యుండును. న్యాయస్థానము వారు 1910 ప్రాంతమున, వేగముగా పోవువానిని ఇట్లు హెచ్చరించుట పోలీసుల విధి కడ్డుపడుటయే యని తీర్పుచెప్పిరి. ఇక కావలివాడు చేయి ఊపి ఆపినచో శిక్ష పడును.

సంఘమువారు ఉపాయమాలోచించిరి. కావలివాడు బిళ్లగల ప్రతి కారునకును సలాము చేయవలెను. ఎప్పుడైనను సలాము చేయలేదా, సభ్యుడు ఆగి కారణమడుగవలెను. అపాయమున్నప్పుడు కావలివాడు ఏమియు చేయడు, ఊరక నిలుచుండును. ఏమియు చేయనివానిని ఏ న్యాయాధిపతి శిక్షింపగలడు? ఈ సలాము 1960 దశకపు ఆరంభమువఱకు సాగినది. పోలీసుల కన్నుగప్పుటను మేము మెచ్చుకొనము. వేగపు హద్దు మీరుట నేరమే. వారు కనిపెట్టిన సూత్రము మాత్రము చక్కనిది. రోజును తప్పక చేయు పలకరింపు ఒకనాడు లేకపోయినచో మనసు వెంటనే అనుమానించును. మన కుఱ్ఱవానికి దీనికి విపరీతము జరిగినది. ప్రతిదినమును చేయి ఊపినవాడే ఆపదనాడును చేయియే ఊపెను. అట్టిచో అనుమానము పుట్టుటెట్లు?

రైల్వేవారు ఈ చిక్కును ఏనాడో విడదీసిరి. స్టేషనులో ఆగక పోవు రైలునకు ఎదురుగా నిలిచిన సిబ్బంది పచ్చజెండా చూపుదురు. పెట్టె క్రింద మంట గాని, జారిన సరకు గాని కనబడినచో ఎఱ్ఱజెండా చూపుదురు. చూచువారికి అది స్నేహముగా కనబడును గాని అది నియమము. క్షేమమునకొక రంగు, అపాయమునకు మఱియొక రంగు.

మన రోడ్లపై నిట్టి స్పష్టత లేదు. ఆర్టీసీ బస్సు డ్రైవర్లు ఎదురుపడినప్పుడు కుడిచేయి ఎత్తుకొనుట ప్రయాణికులందఱును చూచినదే. చేయి ఎత్తినచో క్షేమము. చేయి తిరుగవేసినచో ముందేదో యున్నదని వారిలో వారికి తెలియును, ఒకే దారిలో ఏండ్లతరబడి తిరుగువారు గనుక. లారీలవారి భాష వేఱు. దీపముల భాష మఱియు చిక్కైనది. బ్రిటనులో దీపము వెలిగించి ఆర్పినచో, "నీవు ముందు పొమ్ము" అని చాలమంది భావింతురు. నేనిక్కడ నున్నానని తెలుపుటకు తప్ప మఱిదేనికిని దానిని వాడరాదని అక్కడి రోడ్డు నియమావళి చెప్పుచున్నను జనము వినరు. మన దేశములో అదే దీపము, "నేనాగను, నీవాగుము" అని చెప్పును. ఇరుకు వంతెన కిరువైపుల ఇట్టి భావభేదముగల ఇద్దఱున్నచో ఏమగునో వేఱుగ చెప్పనక్కరలేదు. ఒక్కొక్కప్పుడు దీపము తళుక్కుమనుటకు, "నీ దీపము నా కంటిలో పడుచున్నది, దించుము" అనియు అర్థము. కాలువగట్టున మన తోలువాడు దీనినిగూడ తలచినాడట.

చేతితో చేయు సంజ్ఞలలో నింకొక అపాయము కలదు. దీనిని ట్రాక్టరువారు ముఖ్యముగా వినవలెను. మన రోడ్డు నిబంధనలనుబట్టి, తోలువాడు కుడి ముంజేతిని బండి వెలుపల నిలువుగా ఎత్తినచో, బండి ఆపబోవుచున్నాడని అర్థము. అఱచేయి క్రిందికి త్రిప్పి చేతిని పైకి క్రిందికి ఆడించినచో వేగము తగ్గించుచున్నాడని అర్థము. తిన్నగా చాపినచో కుడికి తిరుగును. ఎదుటివానిని పలకరించుటకై చేయి నిలువుగా ఎత్తువాడు, వెనుక వచ్చువానికి, "ఆగుచున్నాను" అని అబద్ధము చెప్పుచున్నాడు. వెనుకవాడు ఎడ్లబండియైన సరే, బస్సైన నేమి గతి? కావున పలకరింపదలచినవారు అమెరికా జీపువారివలె చేతిని చక్రమునుండి తీయక వ్రేళ్లు మాత్రమెత్తుట మేలు. ధాన్యపు బస్తాలతో నిండిన తొట్టి వెనుక త్రోయుచున్నప్పుడు గట్టుమీద ఒంటిచేతితో చక్రము పట్టుట సాహసము కాదు, అవివేకము.

ఇదే సందర్భమున రెండు మాటలు. రోడ్డుమీదికి వచ్చినప్పుడు ట్రాక్టరు రెండు బ్రేకు తొక్కుడులను కొక్కెముతో కలిపి బిగింపవలెను. చేనిలో తిరుగుటకు వానిని విడదీసి, రోడ్డున మఱచి, ఒక చక్రమునకే బ్రేకు పడి బండి గిఱ్ఱున తిరిగిన ఉదంతములు మేమెరుగుదుము. ఎదురుబండివానితో మాటలాడుటకు బురదరేకు మీద నొక స్నేహితుని కూర్చుండబెట్టుకొని పోవుట మన గ్రామములలో మామూలైపోయినది. అది కూర్చుండుచోటు కాదు. తొట్టి వెనుక ఎఱ్ఱని ప్రతిఫలక బిళ్లలు లేనివారు ఈ పక్షములోనే తగిలించుకొందురుగాక. వాని వెల ఒక యూరియా బస్తా వెలకంటె తక్కువ.

ఎవరు ముందు చేయి ఎత్తవలెననునది మన పల్లెలలో చిన్న ప్రశ్న కాదు. ట్రాక్టరు యజమాని స్వయముగ తోలునప్పుడు ఎదుటి యజమాని చేయి ఎత్తును. అదే ట్రాక్టరును కూలికి తోలువాడు తెచ్చినచో కొందఱు యజమానులు ముఖము త్రిప్పుకొనుట మేము చూచితిమి. అమెరికా జీపువారు బండిని చూతురు, మనవారు కూర్చున్నవానిని చూచుచున్నారు. కూలితోలువారు తమలో తాము మాత్రము తప్పక పలకరించుకొందురు. కాలువగట్టున ఆ రాత్రి ఎదురుపడినవారిరువురును అట్టివారే. తూము తెగిన సంగతి యజమానులలో నొకరికి సాయంకాలమే తెలియునట. చెప్పుటకు ఎవరును తోచలేదట.

పదుమూడు బస్తాల నష్టమును తోలువాని జీతములో కోయుదునని యజమాని మొదట పట్టుబట్టెను. రెండవ తోలువాడు సంఘపు అరుగుమీదికి వచ్చి, "నేను సరిగ్గా చెప్పలేకపోయానండి, సగం నా జీతంలో కోసుకోండి" అనెను. అతడు వేఱొక యజమాని పనివాడు. ఈ మాట విని యజమాని కొంత తడవు మాటలాడక, పిమ్మట నాలుగు బస్తాల వెల మాత్రము, అదియు వచ్చు మాసూళ్లవఱకు నెలనెలకు, తీసికొందుననెను. అదియు న్యాయమని మాకు తోచలేదు. మా మాట చెప్పి చూచితిమి, సాగలేదు.

పిమ్మట ట్రాక్టరు తోలువారినందఱను సంఘపు గిడ్డంగివద్ద కూడదీసి ఒక ఏర్పాటు చేసికొంటిమి. పలకరింపునకు వ్రేళ్లు మాత్రమే. ముందు అపాయమున్నచో ఎదుటిబండిని చూచినంతనే తన బండిని పూర్తిగా నిలిపివేయవలెను. చేయి ఊపరాదు, దీపములతో ఆడరాదు. నిలిచియున్న ట్రాక్టరును చూచి ఏ తోలువాడును నవ్వి దాటిపోడు, ఏమైనదని యడుగక మానడు. "మరి అవతలోడు ఆగకపోతేనండీ?" అని యొకరడుగగా, దిగి దారికడ్డముగా నిలువుమని మోచేతికట్టు కుఱ్ఱవాడే జవాబు చెప్పెను.

తూము మరమ్మతు ఫాల్గుణములో పూర్తియైనది. ఆ యిరువురు తోలువారును నేటికిని వారమునకు మూడు నాలుగు మారులు ఆ గట్టుమీదనే ఎదురుపడుచున్నారు. మొన్న మేము సైకిలుపై పోవుచు చూచితిమి. ఇద్దఱును బండ్లు నిదానించి, ఒకరినొకరు పరకాయించి చూచి, ఆపవలసిన పని లేదని తెలిసిన పిమ్మట వ్రేళ్లెత్తి సాగిపోయిరి.